ముఖాల చార్టా, మూడ్ మీటరా, భావాల చక్రమా: ఏది మేలు?

"ఏమైంది?" అంటే "ఏమో, ఏదోలా ఉంది" అనే మనిషికి చూసి వేలు పెట్టే బొమ్మ ఒకటి ఎదురుగా ఉంటే మాట కదులుతుంది. ఏ బొమ్మ అన్నది వయసును బట్టి, అప్పుడు ఎంత ఉడికిపోతున్నారన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి.

ఐదేళ్ల లోపు పిల్లలకు ముఖాల చార్టు చాలు, నాలుగైదు ముఖాలకు మించొద్దు. నవ్వు ముఖం ముద్దుగా ఉందని చాలామంది దానిమీదే వేలు పెడతారు. కాబట్టి వెంటనే "ఎక్కడ తెలుస్తోంది, పొట్టలోనా, గొంతులోనా?" అని అడగండి.

బడి ఈడు పిల్లలకు మూడ్ మీటర్ మేలు, అంటే రెండు గీతలతో నాలుగు రంగుల గడులుగా విడదీసిన పటం. అడ్డగీత హాయిని, నిలువుగీత ఒంట్లోని ఊపును చూపుతాయి. ఎరుపు గడిలో కోపం, కంగారు, పసుపులో హుషారు, నీలంలో దిగులు, ఆకుపచ్చలో నెమ్మది. రెండే ప్రశ్నలు కాబట్టి కోపం మరుగుతున్నప్పుడు కూడా జవాబు వస్తుంది. లోటల్లా, భయమూ కోపమూ ఒకే గడిలో పడటం. "మళ్లీ ఎరుపులోకి వెళ్లావా?" అని గదమాయిస్తే మాత్రం మర్నాటి నుంచి రోజూ ఆకుపచ్చే చూపిస్తారు, ఇక ఆ పటం దండగ.

భావానికి పేరు కచ్చితంగా దొరకాలంటే, భావాల పేర్లు ముక్కలుగా రాసి ఉన్న చక్రమే. 1982లో గ్లోరియా విల్‌కాక్స్ ఇచ్చిన చక్రంలో మధ్యన ఆరు భావాలు, వెలుపలికి వెళ్లేకొద్దీ వాటి ఛాయలు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ ప్లుచిక్ 1980 నాటి చక్రం వేరు: ఎనిమిది భావాలు, మధ్యకు వచ్చేకొద్దీ తీవ్రత పెరుగుతుంది. ఒకదాన్ని చదివినట్టు రెండోదాన్ని చదివితే అంతా తారుమారు. ఇంట్లోకి మొదటిదే నయం.

ఇంగ్లీషు చక్రాన్ని నిఘంటువు పెట్టుకుని తెలుగు చేయకండి, ఆ మాటలు ఎవరి నోటా రావు. కోపం ముక్కలో చిరాకు, అలక, ఉక్రోషం, కడుపుమంట రాయండి. అలకలో ఎవరైనా వచ్చి బతిమాలతారన్న ఆశ ఉంటుంది, దగ్గరికెళ్లి పలకరిస్తే సగం కరుగుతుంది. ఉక్రోషంలో ఏమీ చేయలేకపోయానన్న మంట ఉంటుంది, కళ్లలో నీళ్లు తిరుగుతుంటాయి. అప్పుడు బుజ్జగిస్తే ఇంకా రెచ్చిపోతారు, కాసేపు వదిలేయాలి. ఒక్క "కోపం" అన్న మాటతో ఈ తేడా కనిపించదు.

ఏ3 కాగితం మీద లోపల ఆరు, బయట ముప్ఫైకి మించకుండా రాస్తే చేయి చాపినంత దూరం నుంచి చదవొచ్చు. ఉడుకు మీద ఉన్నప్పుడు చక్రం ముందు పెట్టకండి, అన్ని మాటలు కంటికి ఆనవు. ముందు మూడ్ మీటర్ మీద వేలు, ఊపిరి కుదుటపడ్డాక చక్రం.