చుక్క గుర్తు ప్రశ్నా, గుర్తు లేని ప్రశ్నా?

2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు చిత్తూరు దగ్గర పల్ప్ ఫ్యాక్టరీ ముందు మా మామ ట్రాక్టర్ క్యూలో నిలబడింది. పైన గోనెపట్టా కప్పినా అడుగున కాయ మెత్తబడి రసం కారుతోంది. ప్రభుత్వం కిలోకు 4 రూపాయల సాయం ప్రకటించింది. ఆ డబ్బు ఎవరికి చేరిందో ఎమ్మెల్యే సభలో ఎలా అడగాలి? సభ్యులు మంత్రిని అడిగే ప్రశ్నలు రెండు రకాలు: చుక్క గుర్తు (స్టార్) ఉన్నవి, లేనివి.

చుక్క గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబివ్వాలి. వెంటనే అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. "కౌలు రైతు పేరు జాబితాలో ఎందుకు లేదు?" అని నిలదీస్తే, కాగితంలో లేని సంగతి బయటికొస్తుంది. టీవీలో కూడా కనిపిస్తుంది. కానీ టైం చాలదు. లోక్‌సభలో రోజుకు ఇలాంటివి 20 పెడతారు, గంటలో అన్నీ రావు. మిగిలినవాటికి రాతలోనే జవాబు.

గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబే, అనుబంధం ఉండదు. లోక్‌సభలో రోజుకు 230 వరకు తీసుకుంటారు. అసెంబ్లీలోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి.

డబ్బు లెక్కకైతే నేను రెండోదే కోరతాను. మండలాల వారీగా ఎంతమందికి, ఏ తేదీన, ఎంత జమయిందో పట్టికగా అడగాలి. "చర్యలు తీసుకుంటున్నాం" అనే మాట పట్టికలో ఇమడదు. ఆ కాగితం పట్టుకుని మా మామ లాంటివాళ్లు బ్యాంకు పాస్‌బుక్‌తో సరిచూసుకోవచ్చు. తేడా కనిపిస్తే, అప్పుడు చుక్క గుర్తు ప్రశ్న వేయమని ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లాలి.