తిరుపతి హోటల్లో ఉదయపు టిఫిను: గది అద్దెతో కలిపి కొనవచ్చునా?

కార్తీకంలో మా పిన్ని కూతురి పెళ్ళి తిరుచానూరులో జరిగింది. పెళ్ళితో పాటు స్వామివారి దర్శనం కూడా అవుతుందని మదనపల్లె నుంచి నలుగురం బయలుదేరి, తిరుపతిలో మూడు రాత్రులు ఒక మధ్యస్థాయి హోటలులో దిగాము. నేను, నా భార్య, డెబ్బై రెండేళ్ళ మా అమ్మ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళకు లోటు రాలేదు, అమ్మకు మోకాళ్ళ నొప్పి అని చెప్పగానే లిఫ్టు పక్కనే గది మార్చి ఇచ్చారు. వాటి విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. నేను రాయదలచుకున్నది అద్దెతో కలిపి మా చేత కొనిపించిన ఉదయపు టిఫిను గురించి మాత్రమే. ఆ పద్ధతి ఆ ఊళ్ళో ఇంకా చాలా హోటళ్ళలో ఉన్నది కనుక ఈ ఒక్క హోటలు పేరు రాయడం న్యాయం కాదనిపించింది.

గది బుక్ చేసేటప్పుడు రెండు ధరలు కనిపించాయి. ఒట్టి గదికి రోజుకు 3,200 రూపాయలు, టిఫినుతో కలిపి 3,800. హోటలు వాళ్ళు మొదటిదాన్ని ఈపీ అనీ, రెండోదాన్ని సీపీ అనీ అంటారు. నలుగురం తినేదానికి ఆరువందలు పెద్ద మొత్తం కాదనుకొని, మరో ఆలోచన లేకుండా రెండోది తీసుకున్నాను. ఆ ఆరువందలు ఇద్దరి టిఫినుకు మాత్రమేనని, అదనపు పరుపు వేయించుకున్న అమ్మకూ, ఐదేళ్ళు దాటిన పిల్లకూ విడిగా చెల్లించాలని రెస్టారెంటు గుమ్మంలో గది నంబరు చెప్పినప్పుడు గానీ తెలియలేదు. బుకింగ్ కాగితాన్ని మళ్ళీ తీసి చూస్తే ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంది. చదవకపోవడం నా పొరపాటే. అయినా కుటుంబ గది అని అమ్మి, నలుగురి పేర్లు రాయించుకొని, టిఫిను మాత్రం ఇద్దరికే లెక్కగట్టడం సరైన పద్ధతి కాదని నేను గట్టిగా అనుకుంటున్నాను.

మొదటి ఉదయం మాకు తిరుమలలో మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉంది. టికెట్టులో వేసిన సమయం తొమ్మిది గంటలు. కొండ పైకి బస్సులో గంట పడుతుంది, అలిపిరి తనిఖీ దగ్గర ఎంతసేపు ఆగవలసి వస్తుందో ముందుగా చెప్పలేము, ముసలామెను పరుగులు పెట్టించలేము కనుక తెల్లవారుజామున ఐదింటికే గది వదిలాము. హోటలు రెస్టారెంటు తెరిచేది ఏడున్నరకు. ముందురోజు రాత్రే రిసెప్షన్‌కు వెళ్ళి, నాలుగు ఇడ్లీలైనా పొట్లం కట్టించి ఇవ్వగలరా అని అడిగాను. “వంటవాళ్ళు వచ్చేదే ఆరింటికి సార్” అన్నారు. తినని పూట డబ్బు తిరిగి ఇవ్వడం గానీ, మరో రోజుకు మార్చడం గానీ వీలుకాదన్నారు. మూడో ఉదయం పెళ్ళి. ముహూర్తం ఏడు దాటగానే కాబట్టి ఆరుకల్లా మండపంలో ఉన్నాము, టిఫినూ అక్కడే. ఇలా మూడు పూటలకు డబ్బు కట్టి, తిన్నది మధ్యలోని ఒక్క పూట.

ఆ ఒక్క పూటకు ఎంత అయిందో ఇంటికి వచ్చాక కాగితం మీద వేసుకున్నాను. రోజుకు ఆరువందల చొప్పున మూడు రోజులకు 1,800. దాని మీద ఐదు శాతం పన్నుతో 1,890. తిన్న రోజున అమ్మకు 250, అమ్మాయికి 125, వాటిపై పన్నుతో సుమారు 394. మొత్తం 2,284 రూపాయలు. అంటే తలకు 571 రూపాయల టిఫిను తిన్నామన్నమాట.

అంత పెట్టి తిన్నది ఎలా ఉందో కూడా చెప్పాలి. పొంగలి బాగుంది, మిరియాలు, నెయ్యి సరిగ్గా పడ్డాయి, దాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. ఇడ్లీలు మాత్రం మూతపెట్టిన స్టీలు పాత్రలో అంతకు చాలాసేపటి ముందే పోసి ఉంచినవి, అంచులు గట్టిబడ్డాయి. అమ్మ ఒకటి విరిచి, “దీంట్లో ఆవిరి లేదు నాయనా” అని పక్కన పెట్టేసింది. చట్నీ పలచన, సాంబారు తీపి. దోశ అడిగితే పోసి ఇస్తారు గానీ పెనం ఒక్కటే, అడిగేవాళ్ళు ఇరవై మంది. బ్రెడ్డు, కార్న్‌ఫ్లేక్స్, డబ్బా జ్యూసు, కోసిన పుచ్చకాయ ముక్కలు బల్ల నిండా పెట్టారు. రాయలసీమ నుంచీ, తమిళనాడు నుంచీ వచ్చిన కుటుంబాలే నిండిన ఆ హాల్లో వాటి దగ్గరికి వెళ్ళినవాళ్ళు పిల్లలు తప్ప పెద్దగా కనిపించలేదు. రకాల సంఖ్యను చూపి ధర పెంచడం కన్నా, నాలుగు రకాలే చేసి వేడివేడిగా పెట్టడం ఆ వంటగదికి సులువు, మాకూ మేలు. కాఫీ మరిగి మరిగి చేదెక్కింది. తిరుపతిలో మంచి ఫిల్టర్ కాఫీ దొరకని చోటు వెతికినా కనపడదు, అలాంటి ఊళ్ళో హోటలు ఈ కాఫీ పోయడం నాకు బాధ కలిగించింది.

అసలు చిక్కు రుచిలో కంటే వేళలో ఉంది. విశాఖలోనో, హైదరాబాదులోనో పని మీద దిగినవాడు ఎనిమిదింటికి తాపీగా తిని బయలుదేరవచ్చు. తిరుపతికి వచ్చినవాళ్ళు అలా ఉండరు. సర్వదర్శనం టోకెన్ల కోసం తెల్లవారకముందే వరుసలో నిలబడేవాళ్ళు కొందరు, ఎండ ఎక్కకముందే అలిపిరి మెట్లు ఎక్కాలనుకునేవాళ్ళు కొందరు, దర్శనమయ్యే దాకా ఏమీ ముట్టనివాళ్ళు ఇంకొందరు. ఊరంతా నాలుగింటికి లేస్తుంటే హోటలు వంటగది ఏడున్నరకు తలుపు తీస్తుంది. అందుచేత తిరుపతిలో గదితో కలిపి కొన్న టిఫిను, కొన్న రోజునే సగం వృథా అయ్యే సరుకు.

రెండు నెలల తరువాత అమ్మకు వైద్య పరీక్షల కోసం మళ్ళీ నలుగురం వెళ్ళి రెండు రాత్రులు ఉన్నాము. ఈసారి ఒట్టి గదే తీసుకున్నాను, అదీ ఆర్టీసీ బస్టాండుకు నడిచి వెళ్ళగలిగే దూరంలో. అమ్మకు మొదట పరగడుపున రక్తం ఇచ్చి, తరువాత టిఫిను తిని, తిన్న రెండు గంటలకు మళ్ళీ ఇవ్వాలి. ఏడింటికి మొదటి పరీక్ష అయింది, ఏడుంబావుకు ఆమె పళ్ళెం ముందు కూర్చొని ఉంది. హోటలు రెస్టారెంటుకు తిరిగి వెళ్ళి తలుపు తీసే దాకా కూర్చుని ఉంటే ఆమె ఆకలికీ, మాత్రల వేళకూ ఇబ్బంది అయ్యేది.

మేము తిన్నది ఆసుపత్రి దారిలోని ఒక సందు మొదట్లో, నాలుగు బల్లలు వేసిన టిఫిను సెంటర్లో. భార్యాభర్తలు ఇద్దరే నడుపుతున్నారు. ఆమె ఇడ్లీ పాత్ర దింపుతుంటే ఆయన దోశలు పోస్తున్నాడు. రెండు ప్లేట్ల ఇడ్లీ 80, పొంగలి 50, అమ్మాయికి ఎర్రకారం దోశ 60, రెండు వడలు 30, మూడు కాఫీలు 60, మొత్తం 280 రూపాయలు. ఇడ్లీతో చెనక్కాయల చట్నీ, పైన పప్పుల పొడి, అడిగితే నెయ్యి. పప్పుల పొడి మా వైపు ఇళ్ళలో చేసినట్టే వెల్లుల్లి వాసనతో ఉంది. అమ్మ మరో ఇడ్లీ అడిగి పెట్టించుకుంది. “అక్కా, కారం తగ్గించి ఒకటి పోయండి” అని మా అమ్మాయి చెబితే, ఆమె దోశ మీద ఎర్రకారం వేలితో పూసినంతే పూసి, ఉల్లిపాయలు ఎక్కువగా చల్లి ఇచ్చింది. రెండో రోజు అదే చోట పొంగనాలు కూడా తీసుకుంటే 310 అయింది. రెండు పూటలకు 590 రూపాయలు.

నీళ్ళ విషయంలో మాత్రం అక్కడ జాగ్రత్త పడ్డాము. గ్లాసులు ఒకే బకెట్టులో ముంచి తీస్తున్నారు కాబట్టి మా సీసాల్లోని నీళ్ళే తాగాము. ఆవిరి మీద ఉడికినవీ, పెనం మీద నుంచి నేరుగా వచ్చినవీ తినడానికి నేను సంకోచించను గానీ, పొద్దెక్కాక కొబ్బరి చట్నీ జోలికి పోను.

అయితే ఈ పొదుపు హోటలు ఉన్న చోటును బట్టి ఉంటుంది. రైల్వే స్టేషను, బస్టాండు, గాంధీ రోడ్డు, లీలామహల్ కూడలి వైపు దిగితే నాలుగడుగుల్లో టిఫిను దొరుకుతుంది. ఊరి వెలుపల బైపాస్ వైపు కొత్త హోటళ్ళలో గది కాస్త విశాలంగా ఉంటుంది, కానీ ముసలివాళ్ళతో టిఫినుకు ఊళ్ళోకి రావాలంటే ఆటోకు పోనూ రానూ పెట్టే ఖర్చు మిగిలిందంతా తినేస్తుంది. అక్కడ గది తీసుకునేవాళ్ళు ఆటో ఖర్చును కూడా కలిపి లెక్క వేసుకోవాలి. ఇద్దరికి కలిపి తేడా రెండువందల లోపు ఉండి, ఉదయం తొందర లేకపోతే టిఫినుతో ఉన్న గదినే తీసుకోమంటాను.

బిల్లును కూడా ఒకసారి చదవాలి. అమ్మకూ, అమ్మాయికీ ఇచ్చిన బిల్లులో మొదట సర్వీస్ ఛార్జీ అని ఒక వరుస ఉంది. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ సంగతి మర్యాదగా చెప్పగానే వాదన లేకుండా తీసివేశారు, అందుకు వారిని అభినందించాలి. జీఎస్టీ వేరు, అది కట్టవలసిందే. మామూలు రెస్టారెంట్లలో అది 5 శాతం. రోజుకు 7,500 రూపాయలు మించిన గదులున్న పెద్ద హోటళ్ళలోని రెస్టారెంట్లలో 18 శాతం. అలాంటి చోట ఇడ్లీ ధరతో పాటు పన్ను కూడా మూడింతలు దాటుతుంది. 7,500 లోపు గదుల అద్దెపై పన్ను మాత్రం 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ఆ తగ్గింపు మీ బిల్లులో కనిపిస్తున్నదో లేదో చూసుకోండి.

తిరుమలలో అన్నప్రసాదం ఉచితమే కదా, టిఫినుకు ఖర్చెందుకు అని కొందరు అడుగుతారు. దర్శనం రోజున మేము తిన్నది అక్కడే. తరిగొండ వెంగమాంబ పేరున్న అన్నప్రసాద భవనంలో వేడి ఉప్మా, పొంగలి వడ్డించారు. ఆ తల్లి పుట్టిన తరిగొండ మా మదనపల్లెకు దగ్గరి ఊరు, అక్కడ కూర్చున్నప్పుడల్లా నాకు సొంతవాళ్ళ ఇంట్లో తిన్నట్టుంటుంది. కానీ 1985 నుంచి దాతల కానుకలతో నడుస్తున్న ఆ వడ్డనను పొదుపు మార్గంగా లెక్కవేయడం నాకు ఇష్టం లేదు. అది ప్రసాదం, దర్శనానికి వెళ్ళిన పూట తినాలి, చేతనైనంత కానుక వేయాలి. అన్న క్యాంటీన్ల విషయంలోనూ అంతే. ఐదు రూపాయలకు టిఫిను పెట్టే ఆ క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి, తిరుపతిలోనూ ఉన్నాయి. ఆదివారం మూసి ఉంటాయి. ఆసుపత్రిలో రోగి దగ్గర రోజుల తరబడి ఉండేవాళ్ళకూ, కూలి పనికి వెళ్ళేవాళ్ళకూ అవి పెద్ద ఆసరా. మూడువేల గదిలో దిగిన నాలాంటివాడు ఆ వరుసలో నిలబడి వాళ్ళ ప్లేటు తీసుకోకూడదని నా అభిప్రాయం.

తెల్లవారుజామున బయలుదేరే రోజు కోసం ఇప్పుడు ఇంటి నుంచే బొరుగులు, పప్పుల పొడి, అరటిపండ్లు తీసుకెళుతున్నాము. గదిలోని కెటిల్‌లో నీళ్ళు కాచుకొని, ఫ్లాస్కులో పోసుకుంటున్నాము. చక్కెర జబ్బు ఉన్న పెద్దవాళ్ళు మాత్ర వేసుకొని ఖాళీ కడుపుతో బస్సు ఎక్కకూడదు, మొదటిసారి అమ్మను అలా తీసుకెళ్ళినందుకు ఇప్పటికీ నొచ్చుకుంటాను.

హోటళ్ళ వాళ్ళకు ఒక్క విన్నపం. బల్ల మీద ఇరవై రకాలు వద్దు. నాలుగున్నర నుంచి ఆరు దాకా రిసెప్షన్ పక్కన ఒక పొయ్యి వెలిగించి, దర్శనానికి వెళ్ళేవాళ్ళకు వేడి పొంగలి పొట్లాలు కట్టి ఇవ్వండి, ముసలివాళ్ళకు గుక్కెడు పాలు పోయండి. ఆ ఏర్పాటు ఉన్న హోటలు తిరుపతిలో కనిపిస్తే, రోజుకు మూడువందలు ఎక్కువైనా టిఫినుతో కలిపే గది తీసుకుంటాను.