స్టేషన్ నిలవాలా, శకలాలు చాలునా?

పాత రైల్వే స్టేషన్‌ను ఉన్నచోటే నిలిపి కొత్త అవసరానికి మలచడం ఒక మార్గం. కట్టడాన్ని కూల్చి, శిల్పాలనో తలుపులనో వేరేచోట భద్రపరచడం మరొకటి. 1900లో ప్రారంభమైన పారిస్ ఓర్సే స్టేషన్ 1986లో మ్యూజియంగా తెరుచుకుంది; ఒకప్పుడు ప్రయాణికులు వేళ చూసుకున్న పెద్ద గడియారం కిందే నేడు సందర్శకులు నడుస్తున్నారు.

న్యూయార్క్ పెన్సిల్వేనియా స్టేషన్‌ను 1963లో కూల్చడం మొదలుపెట్టాక దాని రాతి గద్దలు చెల్లాచెదురై, నాలుగు ఫిలడెల్ఫియాలోని ఒక వంతెనకు చేరాయి. ఆ రెక్కల చెక్కడం దగ్గరగా చూస్తే అబ్బురమే, కానీ అవి ఒకనాడు ఎంతటి భవనానికి కాపలాగా నిలిచాయో ఆ వంతెన చెప్పజాలదు.

ఖర్చు ఎక్కువైనా, గోడలు బలంగా ఉన్నంతవరకు నేను మొదటి మార్గాన్నే కోరతాను. కూల్చక తప్పనప్పుడు మాత్రం ప్రతి రాయికీ సంఖ్య వేసి, కొలతలు, ఫొటోలు తీసి, శకలాలను వీలైనంతవరకు ఆ స్థలంలోనే ఉంచాలి.