‘న్యూజెర్సీ కంప్లయంట్’ అని రాసి ఉందని రైఫిల్ స్టాక్ కొనేయకండి

న్యూజెర్సీ, న్యూయార్క్, కనెక్టికట్, కాలిఫోర్నియా, ఇల్లినాయ్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఉంటూ ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్క తూటా పేలి, తర్వాతిది తనంతట తానే ఎక్కే రకం) ఉన్న మనవాళ్లు, కొనాలని చూస్తున్నవాళ్లు, అంతకంటే ముఖ్యంగా టెక్సస్ నుంచో జార్జియా నుంచో ఉద్యోగం మారి ఇటు వస్తున్నవాళ్లు, ఆన్‌లైన్‌లో అడ్జస్టబుల్ స్టాక్ ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి.

స్టాక్ అంటే రైఫిల్ వెనక భుజానికి ఆనించుకునే భాగం. అడ్జస్టబుల్ రకానికి కింద చిన్న లివర్ ఉంటుంది. దాన్ని నొక్కి ముందుకో వెనక్కో జరిపితే పొడవు మారుతుంది. ఏఆర్‌లలో మామూలుగా ఆరు స్థానాలుంటాయి. నాదీ మా ఆవిడదీ ఒకటే రైఫిల్. నాకు సరిపోయే పొడవు ఆమెకు ఎక్కువైపోతుంది, మెడ చాచి గురి చూడాల్సి వస్తుంది. ఇలాంటి రైఫిల్‌కి జరిగే స్టాక్ న్యూజెర్సీలో కుదరదు కాబట్టి, కాస్త పొట్టిగా ఒకే స్థానంలో బిగించేసిన స్టాక్ కోసం వెతికాం. ఒక ఆన్‌లైన్ షాపులో సరిగ్గా అదే కనిపించింది. రాష్ట్రం ఎంచుకునే చోట న్యూజెర్సీ నొక్కితే ‘కంప్లయంట్, పిన్ చేసి పంపుతాం’ అని వచ్చింది. అంటే రాష్ట్ర చట్టానికి సరిపోతుంది, స్టాక్ జరగకుండా పిన్ దిగ్గొట్టి పంపుతాం అని. మామూలు స్టాక్ కంటే ధర ఎక్కువే. పిన్ వేసే పనికి కదా అనుకుని ఇచ్చాం.

పెట్టె విప్పితే లోపల పిన్ లేదు. పిన్ ఉండాల్సిన చోట ఒక సెట్ స్క్రూ (తల లేని చిన్న మర) ఉంది, అంతే. ఇంట్లో ఫర్నిచర్ బిగించే ఎలెన్ కీతో రెండు తిప్పులు తిప్పితే ఊడి చేతిలోకి వచ్చింది. స్టాక్ ఆరు స్థానాల్లోనూ జారడం మొదలుపెట్టింది. దాన్ని రైఫిల్‌కి తగిలించకుండా మా ఊళ్లో తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి చూపించాం. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది నేను బిగించను, మీరూ బిగించకండి’ అన్నాడు. షాపుకి రాస్తే వచ్చిన జవాబు: స్క్రూ మీద ఎపాక్సీ జిగురు పొయ్యండి, సరిపోతుంది. వెనక్కి తీసుకోమంటే, రాష్ట్ర చట్టాలు తెలుసుకోవాల్సిన బాధ్యత కొన్నవాళ్లదేనని పేజీ అడుగున రాశామన్నారు. పెట్టె తెరిచారు కాబట్టి రీస్టాకింగ్ ఫీజు కింద కోత అన్నారు. పైన పెద్ద అక్షరాల్లో కంప్లయంట్, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో మాకు సంబంధం లేదు!

డబ్బు సంగతి అలా ఉంచండి, అసలు ప్రమాదం వేరే ఉంది. రైఫిల్ విడిభాగాల్లో అమెరికా ఫెడరల్ చట్టం తుపాకీగా లెక్కించేది సీరియల్ నంబర్ ఉన్న రిసీవర్ (కాల్చే యంత్రాంగం అమరే ప్రధాన భాగం) ఒక్కదాన్నే. స్టాక్ ఉత్త ప్లాస్టిక్ విడిభాగం. డీలర్ దగ్గరికి వెళ్లనక్కర్లేదు, తుపాకీ కొనేవాళ్లు నింపే ఫెడరల్ ఫారం 4473 నింపనక్కర్లేదు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ లేదు. ఫోన్ కవర్ వచ్చినట్టే గుమ్మం ముందుకు వచ్చేస్తుంది. ఇంత సులువుగా వచ్చే వస్తువుతో జైలేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ రాష్ట్ర చట్టం చూసేది ఆ ముక్కని కాదు, దాన్ని తగిలించాక తయారయ్యే రైఫిల్‌ని.

దీని మూలం 1994 నాటి ఫెడరల్ నిషేధంలో ఉంది. డిటాచబుల్ మ్యాగజైన్ (ఊడదీసి మార్చగలిగే తూటాల పెట్టె) పట్టే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి మడిచే లేదా జరిగే స్టాక్, పిస్టల్ గ్రిప్ (పిస్తోలుకి ఉన్నట్టు కిందికి దిగే పిడి), ఫ్లాష్ సప్రెసర్ (కాల్చినప్పుడు వచ్చే మెరుపు తగ్గించేది) లాంటి వాటిలో రెండు ఉంటే అసాల్ట్ వెపన్ అంది ఆ చట్టం. పొడవు తగ్గితే దాచిపెట్టుకోవడం తేలికవుతుందన్నది స్టాక్ మీద అభ్యంతరం. 2004లో అది గడువు తీరి పోయింది, రాష్ట్రాల చట్టాలు మాత్రం ఉండిపోయాయి, కొత్తవీ వచ్చాయి. జరిపితే మూడంగుళాలు మారే స్టాక్ వల్ల దాపరికం ఎంత పెరుగుతుందో నాకైతే అర్థం కాదు. పొట్టివాళ్లకూ పొడుగువాళ్లకూ ఒకే రైఫిల్ సరిపోవడమే దాని అసలు ఉపయోగం. అయినా నా అభిప్రాయం కోర్టులో పనికిరాదు.

న్యూజెర్సీలో 1990 నుంచి చట్టం ఉంది. కోల్ట్ ఏఆర్-15 లాంటివి పేరుతో సహా జాబితాలో ఉన్నాయి. వాటిని పోలినవాటిని తేల్చడానికి 1996లో అటార్నీ జనరల్ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ రెండు ఫీచర్ల లెక్క ఉంది. ఏఆర్ తరహా రైఫిల్‌కి పిస్టల్ గ్రిప్ ఎలాగూ ఉంటుంది, అంటే ఒకటి అయిపోయినట్టే. స్టాక్ జరిగిందా, రెండోది కూడా వచ్చేసింది. ఇక్కడి షాపుల్లో స్టాక్ కదలకుండా బిగించి, బ్యారెల్ కొసన మరలు లేకుండా అమ్మేది అందుకే. ఇంకో మెలిక కూడా ఉంది. ఈ చట్టం ప్రకారం అసాల్ట్ ఫైరార్మ్‌గా (అసాల్ట్ వెపన్‌కి న్యూజెర్సీ చట్టంలో పేరు) మార్చడానికి ఉద్దేశించిన భాగం, లేదా తేలిగ్గా అలా కూర్చగలిగే భాగాలు ఒకే మనిషి ఆధీనంలో ఉన్నా నేరమే. అంటే ‘నేను తగిలించలేదు, అల్మారాలో పెట్టాను’ అన్నంత మాత్రాన గట్టెక్కరు. మేం ఆ స్టాక్‌ని ఒక్క రోజు కూడా ఇంట్లో ఉంచదలుచుకోలేదు. కోత పోతే పోయిందని వెంటనే తిప్పి పంపేసి, కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేశాం.

శిక్ష కూడా చిన్నది కాదు. న్యూజెర్సీలో ఇది సెకండ్ డిగ్రీ నేరం, 5 నుంచి 10 ఏళ్లు. పైగా తుపాకీ నేరాలకు కనీస జైలు ఖాయం చేసే గ్రేవ్స్ యాక్ట్ వర్తిస్తే కనీసం 42 నెలలు పెరోల్ ఉండదు. కాలిఫోర్నియాలో అసాల్ట్ వెపన్ తయారీకి 4, 6, లేదా 8 ఏళ్లు. ‘తయారీ’ అనగానే ఫ్యాక్టరీ గుర్తొస్తుంది కానీ, గరాజ్‌లో కూర్చుని స్టాక్ మార్చడం కూడా అందులోకి వచ్చే వీలుంది.

మనవాళ్లకు ఇంకో కత్తి వేలాడుతూ ఉంటుంది. తుపాకీ నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నా దేశం నుంచి పంపించేయడానికి అది చాలు. హెచ్1బీ, ఎల్1, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లయితే అసలు ఈ గొడవలోకే రాకండి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లకు ఫెడరల్ చట్టం తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్నే నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. ‘వీకెండ్ రేంజ్‌కి వెళ్దాం రారా, నా తుపాకీతో కాలుద్దువుగాని’ అని పిలిచే స్నేహితుడికి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు.

మన దగ్గర ఆయుధాల చట్టం 1959 దేశమంతటికీ ఒకటే. కరీంనగర్‌లో తప్పయింది కడపలోనూ తప్పే. అదే అలవాటుతో ఇక్కడ చూస్తే దెబ్బ తింటాం. న్యూయార్క్‌లో 2013 సేఫ్ యాక్ట్ తర్వాత ఒక్క ఫీచర్ ఉన్నా చాలు, 2012లో శాండీ హుక్ స్కూల్లో జరిగిన కాల్పుల తర్వాత కనెక్టికట్‌దీ అదే దారి. మేరీలాండ్ జాబితాలో మడిచే స్టాక్ మాటే ఉంది, జరిగే స్టాక్ మాట లేదు. ఇల్లినాయ్, వాషింగ్టన్‌లలో 2023లో వచ్చిన చట్టాలు ఇంకా వెడల్పు. మడిచేవి, జరిగేవి, ఊడదీసేవే కాదు, పొడవునో పరిమాణాన్నో ఏ కొలతనైనా తగ్గించేలా అడ్జస్ట్ అయ్యే స్టాక్ అన్నీ అందులో పడతాయి. వాషింగ్టన్ రాష్ట్రపు బెల్వ్యూ, రెడ్మండ్ మిత్రులారా, ‘ఇది టెలిస్కోపింగ్ (జరిగే రకం) కాదు, వేరే మెకానిజం’ అని అమ్మేవాళ్ల మాట వినకండి. కాలిఫోర్నియాలో ఈ ఫీచర్ల లెక్క సెంటర్‌ఫైర్ (తూటా అడుగున మధ్యలో పిన్ను కొట్టే) రైఫిళ్లకే, పాయింట్ 22 రిమ్‌ఫైర్ (తూటా అంచున కొట్టే) వాటికి కాదు. న్యూయార్క్‌లో రిమ్‌ఫైర్ అన్నంత మాత్రాన మినహాయింపు దొరకదు. బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగాల్సిన రకం) ఉన్నవాళ్లు మాత్రం ఊపిరి పీల్చుకోవచ్చు. ఈ ఫీచర్ల లెక్కలన్నీ సెమీ ఆటోమేటిక్‌లకే. అయితే స్టాక్ మడిచినప్పుడు మొత్తం పొడవు ఎంతవుతుందో మాత్రం చూసుకోవాలి.

కాబట్టి ‘50 రాష్ట్రాలకు చెల్లుతుంది’ అని ఎవరైనా రాస్తే అక్కడే ఆగండి. ఏ రాష్ట్రానికి, ఏ రైఫిల్‌కి, ఏ పద్ధతిలో బిగించారు అని రాతపూర్వకంగా అడగండి. పిన్ ఎక్కడ పడిందో ఫొటో పంపమనండి. మామూలు పనిముట్లతో ఊడేది పిన్ కాదు, బొమ్మ. మాకు దొరికిన సెట్ స్క్రూ అలాంటిదే. రిటర్న్ షరతులు పేజీ అడుగుదాకా చదివి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మా డిస్ప్యూట్‌లో పనికొస్తున్నది ఆ ప్రకటన స్క్రీన్‌షాటే. ఎందుకంటే మేం ఫిర్యాదు చేశాక పేజీలో ‘పిన్’ అన్న మాట మాయమైంది.

‘కోర్టులు ఎలాగూ ఈ చట్టాలు కొట్టేస్తున్నాయి, కంగారు పడకండి’ అని ఆ షాపు మనిషి ఫోన్‌లో ఓదార్చాడు కూడా. తుపాకీ హక్కు మీద సుప్రీంకోర్టు 2022లో ఇచ్చిన బ్రూయెన్ తీర్పు తర్వాత కేసులు చాలానే నడుస్తున్నాయి, నిజమే. అయితే మేరీలాండ్ నిషేధం మీద వచ్చిన కేసుని విచారించడానికి సుప్రీంకోర్టు 2025 జూన్‌లో ఒప్పుకోలేదు. కొట్టేసేదాకా చట్టం చట్టమే, పోలీసు దాన్నే అమలు చేస్తాడు.

రాష్ట్రం మారుతున్నవాళ్లు ప్యాకర్లను పిలిచే ముందే స్టాక్ మార్చేసుకోండి, సరిహద్దు దాటాక కాదు. రైఫిల్‌ని లోడ్ చెయ్యకుండా, చేతికందని చోట పెట్టుకుని ఒక రాష్ట్రం గుండా దాటి వెళ్లేవాళ్లకు 1986 ఫెడరల్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది. బయల్దేరిన చోటా, చేరే చోటా అది చట్టబద్ధమైతేనే. పెన్సిల్వేనియాలో ఉండే తమ్ముడు జరిగే స్టాక్ ఉన్న ఏఆర్ కారులో వేసుకుని ఎడిసన్‌లో అక్కా బావల ఇంటికి వస్తే అతను చేరే చోటు న్యూజెర్సీయే. ఆ రక్షణ అతనికి వర్తించదు.

మాకు చివరికి కుదిరింది అస్సలు జరగని పాత ఏ1 కొలత ఫిక్స్‌డ్ స్టాక్. దాని తర్వాత వచ్చిన ఏ2 కొలత కంటే అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు పొట్టి. మా ఆవిడకు హాయిగా ఉంది, నాకు కొంచెం ఇరుకు. స్థానిక షాపులోనే కొన్నాం, గన్‌స్మిత్ మా ఎదురుగా బిగించాడు, రసీదు మీద మోడల్ రాయించుకున్నాం.

ఆ ఆన్‌లైన్ షాపు పేరు చెప్పమని మెసేజ్‌లు పెడుతున్నారు. డిస్ప్యూట్ తేలేదాకా పేరు బయటపెట్టను. మీరూ సెట్ స్క్రూ పెట్టిన ‘కంప్లయంట్’ స్టాక్ అందుకుని ఉంటే, ఫొటో, ప్రకటన స్క్రీన్‌షాట్ రెండూ దాచుకోండి. తగిలించి ఉంటే ముందు రైఫిల్ నుంచి తీసేసి, దాన్ని ఇంట్లోంచి ఎలా పంపాలో ఆ రాష్ట్రపు ఫైరార్మ్స్ లాయర్‌ని అడిగాకే కదిలించండి.