సి.ఇ.ఎఫ్. ఓవర్‌ప్రింట్ స్టాంపులు కొనేవాళ్లు కాస్త ఆగండి

చైనా ఓవర్‌ప్రింట్లు, అంటే చైనా కోసం మామూలు స్టాంపు మీద మళ్లీ అక్షరాలు అచ్చేసినవి, సేకరించేవాళ్లకి ఒక మాట. పోయిన నెల ఆన్‌లైన్లో ఒకతని దగ్గర ఎనిమిది స్టాంపులు కొని 6,500 రూపాయలు తగలేసుకున్నాను. అతను ఇంకా అమ్ముతూనే ఉన్నాడు, అందుకే రాస్తున్నా.

కొన్నవి విక్టోరియా రాణి బొమ్మ ఉన్న ఇండియా స్టాంపులు, వాటి మీద నల్లసిరాతో సి.ఇ.ఎఫ్. అని అచ్చు. 1900లో బాక్సర్ల తిరుగుబాటు అణచడానికి మన సిపాయిలను చైనాకు తోలారు కదా, ఆ చైనా ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్ కోసం మామూలు స్టాంపుల మీదే ఆ మూడక్షరాలు కొట్టించారు. డబ్బు మారకంలో తేడా చూసుకుని ఎవరూ స్టాంపులతో వ్యాపారం చేయకుండా అన్నమాట.

కవరు రాగానే వాటర్‌మార్క్, అంటే కాగితంలోనే ఉండే గుర్తు, చూశాను. నక్షత్రం చక్కగా ఉంది. కాగితం పాతదే, పర్ఫరేషన్ (అంచు చిల్లుల లెక్క) సరిపోయింది. మురిసిపోయాను. ఎందుకు సరిపోవు? స్టాంపు అసలుదే! పది ఇరవై రూపాయలకు దొరికే స్టాంపు తెచ్చి మూడక్షరాలు అచ్చేస్తే చాలు, ధర ఎన్నో రెట్లవుతుంది. దొంగతనమంతా ఆ అక్షరాల్లోనే. నేనేమో మిగతాదంతా పరీక్షించాను.

రెండు రోజుల తర్వాత పది రెట్ల భూతద్దం పెట్టి ఆకుపచ్చ అర్ధణాను చూశాను. ఓవర్‌ప్రింట్ ముందు, తపాలా ముద్ర తర్వాత పడాలి. ఇక్కడ ముద్ర గీత ‘ఎఫ్’ అక్షరం సిరా కిందనుంచి పోతోంది. ముద్ర చదివితే మద్రాసు, 98. అంటే చైనాకు ఓడెక్కడానికి రెండేళ్ల ముందే మద్రాసులో పోస్టయిపోయిన స్టాంపు! ఇలాంటివాటి మీద మామూలుగా ఉండాల్సింది సైన్యం వెంట నడిచే ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రో, వాటికి కేంద్రమైన బేస్ ఆఫీసు ముద్రో.

అడిగితే “ఉన్నది ఉన్నట్టే అమ్మాను సార్, రిటర్న్ లేదు” అన్నాడు. మర్నాటికి బ్లాక్ చేశాడు. ఫొటోలు మళ్లీ చూస్తే అన్నీ దూరంనుంచి తీసినవే, ముద్ర పడ్డ మూల మసక మసగ్గా. ముందే దగ్గరి ఫొటో అడగాల్సింది.

ముద్ర పడని కొత్త స్టాంపులతో ఇంకా ప్రమాదం, పట్టించే గీత ఉండదు. ఖరీదైనదైతే లండన్ రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ లాంటి చోట ఇచ్చిన సర్టిఫికెట్ అడగండి. ఇదే మనిషి చైనా 1897 రెడ్ రెవెన్యూ (ఎర్ర రెవెన్యూ స్టాంపు మీద తపాలాకు వాడేలా అచ్చు కొట్టింది) కూడా నాలుగు వేలకే ఇస్తానన్నాడు, అదీ చిన్నక్షరాల ఒక డాలరుది. లోకం మొత్తం మీద ముప్పై చిల్లర మాత్రమే ఉన్నాయని చెప్పుకునే స్టాంపు అది. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు, ఆశ కళ్లు మూసేసింది.

ఆ ఎనిమిదింటినీ పారేయలేదు. వెనకాల పెన్సిల్‌తో ‘దొంగ అచ్చు’ అని రాసి పెట్టాను, రేపు మా పిల్లలు ఎవరికీ అసలువని అమ్మకుండా.