వడ్ల పైసలు: క్రిప్టోలోనా, టెక్నాలజీ ఫండ్‌లోనా?

మిర్యాలగూడలో వడ్లు అమ్మినంక తమ్ముడు ఫోన్ చేశాడు: "అన్నా, లక్ష బిట్‌కాయిన్‌లో పెట్టాల్నా?" వద్దన్నాను. నేను టెక్నాలజీ షేర్లు కొనేవాడినే, కానీ ఏఐ వచ్చాక వాటి మీదా టెన్షనే.

పన్ను: క్రిప్టో లాభంపై 30 శాతం, అమ్మితే 1 శాతం టీడీఎస్ (అమ్మిన సొమ్ములోంచి ముందే కోసే పన్ను), నష్టం వేరే లాభంలో సర్దుకోనివ్వరు.
టెక్నాలజీ ఫండ్ లాంటి ఈక్విటీ (షేర్లలో పెట్టే) ఫండ్ ఏడాది దాటాక అమ్మితే ఏటా 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం.

శ్రమ: క్రిప్టో వాలెట్ తాళంమాటలు (పాస్‌వర్డ్ లాంటి రహస్య పదాలు) పోతే డబ్బు పోయినట్టే.
ఫండ్‌కు నెలకు 500 సిప్ (నెలనెలా కట్టే వాయిదా) చాలు, పైన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఉంది.

రిస్క్: బిట్‌కాయిన్ 2021 నవంబరులో దాదాపు 69 వేల డాలర్లు, ఏడాది తర్వాత 16 వేల దగ్గర, అప్పుడే ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ దివాలా తీసింది. బత్తాయి ధర పడినా తోట కాయ కాస్తుంది, బిట్‌కాయిన్‌కు ఆ కాయ లేదు, వెనకొచ్చేవాడు ఎక్కువిస్తాడన్న ఆశే.
టెక్నాలజీ కంపెనీలకు వ్యాపారం ఉంది, నిజమే, కానీ 2000-02లో టెక్నాలజీ షేర్లు ఎక్కువున్న అమెరికా సూచీ నాస్‌డాక్ దాదాపు 78 శాతం పడింది, పైగా ఐటీ కంపెనీలు మనుషుల పనిగంటలు అమ్ముకుని బతికేవి, ఆ పనే ఏఐ చేస్తే ఎట్లా?

ఇంట్లో పిల్లలు హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తుంటే టెక్నాలజీ ఫండ్ కూడా వద్దు, జీతం, పొదుపు ఒకేసారి దెబ్బతింటాయి. ఇండెక్స్ ఫండ్ (నిఫ్టీ లాంటి సూచీలోని కంపెనీలన్నింటిలో పెట్టేది) చూడండి. అట్లా కాకుండా ఏడేళ్లు ముట్టని డబ్బయితే కొంచెం టెక్నాలజీలో పెట్టొచ్చు. క్రిప్టో, మొత్తం పోయినా వచ్చే పంట పెట్టుబడికి ఇబ్బంది లేనివాళ్లకే. తమ్ముడికి యాసంగి ఎరువుల బాకీ ఇంకా ఉంది.