వెలుగు మీద ఉపన్యాసాలు: హాల్లో కూర్చోవాలా, రికార్డింగ్ చాలా?

హాల్లో లైట్లన్నీ ఆర్పేశారు. వక్త బల్ల మీదున్న సోడియం దీపం స్విచ్ వేశారు. మొదట గులాబీ రంగులో వెలిగి, కొన్ని నిమిషాలకు చిక్కటి పసుపులోకి తిరిగింది. నా ఒళ్లో ఉన్న నోట్‌బుక్ అట్ట ఎర్రది. చూస్తుండగానే నల్లబడిపోయింది. పక్కాయన నీలం చొక్కా కూడా అంతే. హాల్లో ఉన్న ముఖాలన్నీ ఒకే రంగులో, వెలుగునీడల తేడాతో మాత్రమే కనిపించాయి. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో మేమే కూర్చున్నట్టుంది.

తర్వాత అదే ఉపన్యాసం రికార్డింగ్ చూశాను. హాలంతా పసుపు పూసినట్టుంది, అంతకు మించి ఏమీ లేదు.

ఒక విశ్వవిద్యాలయం వెలుగు అన్న ఒక్క అంశం తీసుకుని, భౌతికశాస్త్రం నుంచి చిత్రకళ దాకా వారానికొకరితో అందరికీ ఉపన్యాసాలు ఇప్పిస్తోందనుకోండి. సాయంత్రాలు ఖాళీ చేసుకుని వెళ్లాలా, ఇంట్లో రికార్డింగ్ చూస్తే సరిపోతుందా? మిగతా ఏ అంశమైనా నేను రికార్డింగ్‌కే ఓటేసేవాణ్ణేమో. వెలుగు విషయంలో మాత్రం కాదు.

కారణం తెరలోనే ఉంది. సోడియం దీపం ఇచ్చే పసుపు దాదాపు 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉన్న ఒకే రకం కాంతి. అందులో ఎరుపు లేదు, నీలం లేదు. అందుకే ఎర్రటి అట్టకు వెనక్కి పంపడానికి ఏమీ దొరకలేదు, నల్లబడింది. ఫోన్ తెరకు మాత్రం అలాంటి పసుపు చేతకాదు. ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు పక్కపక్కన వెలిగిస్తుంది, పసుపు చూస్తున్నామని మనం అనుకుంటాం. అంటే వెలుగు గురించి చెప్పే ఉపన్యాసంలో అసలు చూడాల్సిన వెలుగే రికార్డింగ్‌లోకి రాదు. పట్టకంలోంచి గోడ మీద పడే వర్ణపటానికీ ఇదే గతి. గోడ మీద ఎరుపు నుంచి ఊదా దాకా తెగకుండా సాగే పట్టీ, తెర మీద మూడు రంగుల కలగలుపుగా మిగులుతుంది.

అయితే అన్ని వారాలూ ఇలా ఉండవు. చిత్రకళ వారం తీసుకోండి. ఫ్రెంచి చిత్రకారుడు మోనే తమ దేశంలోని రూవాన్ పట్టణపు చర్చిని వేర్వేరు వేళల వెలుగులో ముప్పైకి పైగా చిత్రాలుగా గీశాడు. వాటి గురించి హాల్లో విన్నా, ఇంట్లో విన్నా మనం చూసేది ప్రొజెక్టర్ బొమ్మో తెర బొమ్మో, అసలు చిత్రం కాదు. ఇక్కడ రికార్డింగే మేలని నా అభిప్రాయం. ఆపి, వెనక్కి తిప్పి, పొద్దుటి చర్చినీ సాయంత్రం చర్చినీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. లెక్కలు ఎక్కువగా ఉన్న ఉపన్యాసమూ అంతే. సమీకరణం అర్థమయ్యేలోపు స్లైడ్ మారిపోతే ఆ టెన్షన్‌లో తర్వాతి పది నిమిషాలు చెవికెక్కవు. చరిత్ర, సాహిత్యం వారాలు ఎలా విన్నా పెద్ద తేడా లేదు.

ఇక రెండో ప్రశ్న. ఇలా కళలూ శాస్త్రాలూ కలిపిన వరస మేలా, ఒకే మనిషి ఒకే శాఖ గురించి వారాల తరబడి చెప్పడం మేలా? రెంటికీ మంచి నమూనాలున్నాయి. 1860 క్రిస్మస్ రోజుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే ఒక్క కొవ్వొత్తిని పట్టుకుని ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. మంటతో మొదలుపెట్టి గాలి, నీరు మీదుగా మనిషి ఊపిరి దాకా తీసుకెళ్లాడు. దారం ఎక్కడా తెగదు. కేంబ్రిడ్జ్‌లోని డార్విన్ కాలేజీది కలిపిన పద్ధతి. 1986 నుంచి ఏటా ఒక అంశం, ఎనిమిది మంది వక్తలు, ఎనిమిది శాఖలు. రంగు కూడా అక్కడ ఒక ఏడాది అంశమైంది.

కలిపిన వరసలో లోపం ఏమిటో చాలాసార్లు విన్నవాడిగా చెప్పగలను. వచ్చిన ప్రతి ఒక్కరూ న్యూటన్ పట్టకంతోనే మొదలెడతారు. ముందు వారం ఎవరేం చెప్పారో చాలామందికి తెలియదు. ఇంకొందరు వెలుగంటే జ్ఞానం, చీకటంటే అజ్ఞానం అని ఉపమానంలోకి వెళ్లిపోయి మళ్లీ తిరిగి రారు. ఆ సాయంత్రం వృథా అయినట్టే. ఆప్టిక్స్ (కాంతి శాస్త్రం) పునాది నుంచి నేర్చుకోవాలనుకునేవాళ్లు ఫారడే లాంటి ఒకే గురువును వెతుక్కోవడం మంచిది.

అయినా నా ఎంపిక కలిపిన వరసే. దానికీ కారణం ఆ పసుపే. భౌతికశాస్త్రం వచ్చి 589 అంటుంది, అక్కడితో ఆగిపోతుంది. మరి తెర మీద ఆ కాంతి లేకుండానే పసుపు ఎలా కనిపిస్తోంది? జవాబు కంటి వైద్యుడి దగ్గర ఉంది. రంగు పట్టే కోన్ కణాలు మన కంట్లో మూడే రకాలు. సోడియం కాంతి వాటిని ఏ పాళ్లలో కదిలిస్తుందో, ఎరుపు-ఆకుపచ్చల కలయికా అదే పాళ్లలో కదిలిస్తే మెదడుకు తేడా తెలియదు. అదీ సరే, అదే పసుపు ఊదా పక్కన పెడితే ఎందుకంత భగ్గుమంటుంది? ఇది అద్దకాలవాళ్లకు తెలుసు. పారిస్‌లోని గోబెలాన్ నేత కర్మాగారంలో అద్దకాలు చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లో దీని గురించి పెద్ద గ్రంథమే రాశాడు, చిత్రకారులు దాన్ని చదివి కుంచె పట్టారు. ఈ మూడు జవాబులూ ఒక్కరి దగ్గర దొరకడం అరుదు. మన రామన్ లాంటివాళ్లు ఉంటారు, కాంతి పరిక్షేపణంలో (చెదరడంలో) కొత్త రకాన్ని కనిపెట్టి, మృదంగం నాదాన్ని పరిశీలించి, చివరి రోజుల్లో కంటిచూపు మీద పుస్తకం రాసినవారు. కానీ అలాంటివారి కోసం ఎదురుచూస్తూ కూర్చోలేం కదా.

ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. 1861 మేలో అదే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ గళ్ల రిబ్బన్‌ను ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల్లోంచి మూడు ఫొటోలు తీయించి, మూడు లాంతర్లతో (ఆనాటి ప్రొజెక్టర్లతో) తెర మీద ఒకదానిపై ఒకటి పడేలా చేశాడు. రంగుల బొమ్మ వచ్చింది. ఆనాటి ఫొటో పలకలు ఎరుపును పట్టలేవు కాబట్టి, నిజానికి అది రాకూడదు. సరిగ్గా 100 ఏళ్ల తర్వాత తేలిందేమంటే, ఎర్ర వడపోత అతినీలలోహిత కిరణాల్ని కూడా వదిలింది, రిబ్బన్‌లోని ఎర్ర రంగు వాటిని వెనక్కి పంపింది. పలక మీద పడింది ఎరుపు కాదు, కంటికి కనపడని కాంతి. ఈ ముడి విప్పాలంటే ఫొటో రసాయనం, బట్టల అద్దకం, కంటి సంగతి మూడూ తెలియాలి.

కాబట్టి వరస ప్రకటించగానే నేను చేసే పని ఒకటుంది. పేర్లు చూడను, హాల్లో ప్రయోగం చేసి చూపించే వారాలేవో నిర్వాహకుల్ని అడుగుతాను. ఆ వారాలకు వెళ్లి తీరతాను, మిగతావి రికార్డింగ్‌లో చూస్తాను. ఒక్క సాయంత్రమే దొరికేవాళ్లు కంటి గురించి చెప్పే వారాన్ని ఎంచుకోండి. అటు భౌతికశాస్త్రానికీ ఇటు చిత్రకళకూ తలుపు అక్కడే ఉంది. వెళ్లేటప్పుడు ఏదైనా ఎర్ర వస్తువు వెంట తీసుకెళ్లండి, హాల్లో లైట్లు ఆర్పే ముందు ఒళ్లో పెట్టుకోండి.